కారణం సీను

ఫిబ్రవరి 3, సోమవారం

ఆ సినిమా మళ్ళీ చూశాను. ఇది మూడోసారి. భాష ఒక్క ముక్క అర్థం కాదు, కింద వచ్చే అక్షరాలు చదువుకోవడమే. వంద నిమిషాల పాటు రెండు గదులు, ఒక వంటిల్లు, ఒక మొగుడూ పెళ్ళామూ. కొట్టుకోరు, తిట్టుకోరు. చివర్లో ఆమె ఫ్రిజ్ ఖాళీ చేసి తడిగుడ్డతో తుడుస్తుంది. కిటికీలో మొక్కకి నీళ్ళు పోస్తుంది. తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళిపోతుంది. ఎందుకు వెళ్తోందో ఆమె చెప్పదు, ఆయన అడగడు. వాళ్ళ దేశంలో దానికి బోలెడు బహుమతులు వచ్చాయట.

నిర్మాతగారు హక్కులు కొన్నారు. మన భాషలో, మన మనుషులతో మళ్ళీ తీయాలి. మార్పులూ మాటలూ నావి. వచ్చే నెల మూడో తారీఖున అందరి ముందూ స్క్రిప్టు చదవాలి. నాలుగు వారాలుంది. చాలు.

మా ఆవిడ వెళ్ళి ఇవాళ్టికి పదకొండు రోజులు. వాళ్ళ అక్కకి, అంటే మా వదినకి, మోకాలి ఆపరేషన్. దగ్గరుండి చూసుకునేవాళ్ళు కావాలి కదా. మోకాలన్నాక నెలైనా పడుతుంది. వెళ్ళేముందు ఫ్రిజ్ తుడిచే వెళ్ళింది. మొదట్నించీ ఆమెకి శుభ్రం ఎక్కువ.

ఫిబ్రవరి 4, మంగళవారం

గ్యాస్ అయిపోయింది. కొత్త సిలిండర్ ఎలా బిగించాలో తెలియలేదు. పక్కింటాయన వచ్చి బిగించి, మేడమ్ ఊళ్ళో లేరా అన్నాడు. వదిన మోకాలి సంగతి చెప్పాను. అయ్యో పాపం అన్నాడు. ఊళ్ళోనే ఉందని, రెండు బస్సులు మారితే వదినగారి ఇల్లేనని చెప్పలేదు. ఆయన అడగలేదు కూడా.

ఫిబ్రవరి 6, గురువారం

నిర్మాతగారి ఆఫీసు. ఏసీ ఎక్కువ, టీ తక్కువ. నిర్మాతగారు, దర్శకుడు, నేను. దర్శకుడు నా కన్నా ఇరవయ్యేళ్ళు చిన్నవాడు, తలుపు దగ్గర వంగి లోపలికి రావాల్సినంత పొడుగు. ఆఫీసులో అందరూ నిచ్చెన అంటారు. ఆ సంగతి అతనికీ తెలుసు, పట్టించుకోడు.

సినిమాని ఉన్నదున్నట్టు తీద్దామంటాడు నిచ్చెన. ఆ మౌనం తీసేస్తే మిగిలేది ఫ్రిజ్జే అంటాడు. నిర్మాతగారు అంతా ఓపిగ్గా విని, బల్ల మీద వేలితో రెండుసార్లు కొట్టారు.

"అక్కడివాళ్ళు అలా వెళ్తారేమో బాబూ. మన ఆడవాళ్ళు కారణం లేకుండా వెళ్ళరు. వెళ్ళినా హాల్లో కూర్చున్నవాడు ఒప్పుకోడు. పక్కసీటు వాణ్ణి గోకి, ఎందుకెళ్ళిందిరా అంటాడు. పక్కవాడికీ తెలీదు. ఇక అయిపోయింది మన పని."

నాకూ ఆయన మాటే సబబనిపించింది. కారణం లేకుండా ఎవరైనా ఎందుకు వెళ్తారు. ఒక్క సీను కావాలి, చూడగానే ఔనురా అనిపించేది. అక్కడికక్కడే దానికి కారణం సీను అని పేరు పడిపోయింది.

బయటికొచ్చాక నిచ్చెన అడిగాడు, మీ పాత సినిమాలో తల్లి పోయాక కూతురు చెప్పే మాట మీకెలా తట్టింది సార్ అని. అందరూ అడిగేదే. తల్లి బీరువా సర్దుతూ ఆ కూతురు అంటుంది, "ఇంటికి చేరానని ఇక ఎవరికీ చెప్పక్కర్లేదు" అని. హాల్లో ముందు చడీచప్పుడు ఉండేది కాదు. తర్వాత చప్పట్లు. నాకు పేరు తెచ్చిన మాట అదే. జనం ఫోన్లలో మోగేలా కూడా పెట్టుకున్నారు. అలా వచ్చేసిందయ్యా అన్నాను. ఎవరడిగినా అదే అంటాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

అమ్మాయి ఫోన్ చేసింది. హాస్టల్లో నీళ్ళు రావడం లేదట, పరీక్షలు దగ్గరికొచ్చాయట. అమ్మతో మాట్లాడావా నాన్నా అంది. మెసేజ్ పెట్టానన్నాను. వదినకి ఎలా ఉంది అని పెడితే, నడుస్తోంది అని జవాబొచ్చింది. అది చదివి వినిపించాను.

"పెద్దమ్మకి ఆపరేషన్ అయి మూడు నెలలైంది కదా నాన్నా."

మళ్ళీ నొప్పి తిరగబెట్టి ఉంటుందన్నాను. మోకాళ్ళంటే అంతే. అమ్మాయి ఊఁ అంది. ఆ ఊఁ అచ్చం వాళ్ళమ్మది.

ఫిబ్రవరి 12, బుధవారం

మొగుడు తాగుతాడు అని రాశాను. హీరో ఒప్పుకోలేదు. తన అభిమానుల్లో ఆడవాళ్ళు ఎక్కువట.

చెంప మీద కొడతాడు అని రాశాను. హీరోయిన్ ఒప్పుకోలేదు. కొడితే మొదటి సీన్లోనే వెళ్ళిపోవాలి గాని వంద నిమిషాలు ఆగి ఫ్రిజ్ ఎందుకు తుడుస్తుంది అంది. ఆ అమ్మాయి అన్నదాంట్లో న్యాయం ఉంది.

వేరే ఆడమనిషి అని రాశాను. నిర్మాతగారి భార్య ఈ సంవత్సరం అలాంటివి మూడు చూసిందట. నాలుగోది చూడనందట.

అత్తగారు అనబోయాను. నిచ్చెన రెండు చెవులూ మూసుకున్నాడు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

రాలేదు.

సీను సంగతే.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఇది ఎవరూ చదవరు కాబట్టి ఉన్నమాట రాసుకుంటాను. నాకు మాటలు ఆకాశం నుంచి ఊడిపడవు. చొక్కా జేబులో అరచేతంత నోటుబుక్కు ఉంటుంది, ఎవరైనా మంచి మాట అంటే అందులో పడుతుంది. బస్సులో విన్నవి, మంగలి షాపులో విన్నవి కొన్ని. అసలు సరుకు మాత్రం ఇంట్లోదే. మా ఆవిడ మామూలుగా అన్న మాటకి నేను పది రోజులు కూర్చున్నా సాటి రాయలేను. పెళ్ళైన కొత్తలో నోటుబుక్కుని దొంగల సంచీ అనేది. నేను పెన్ను తీస్తే, ఏదీ ఇంకోసారి అంటాను, సరిగ్గా రాసుకో అని ఆటపట్టించేది. మొదటి సినిమాలో తన మాట హాల్లో వినపడినప్పుడు చీకట్లో నా చెయ్యి గిల్లింది. నా మాటలకి పేరొచ్చిందంటే సగం ఆమె చలవే. ఇరవయ్యేళ్ళలో పద్దెనిమిది నోటుబుక్కులు నిండాయి. తల్లి సినిమాలో మాట కూడా ఇంటి సరుకే.

మూడేళ్ళుగా ఇంట్లో సరుకు లేదు. ఊఁ, సరే, పాలు అయిపోయాయి, తలుపు వేసుకో. వీటితో ఏం రాస్తాను. ఈయన మాటల్లో పస తగ్గిందని పత్రికలవాళ్ళు రాశారంటే తప్పు వాళ్ళదా? వయసుతో పాటు మనుషులు మాటలు తగ్గిస్తారు. అంతే అయ్యుంటుంది.

ఫిబ్రవరి 18, మంగళవారం

కళ్ళజోడు మీద కూర్చున్నాను. ఒక కాలు ఊడి చేతికొచ్చింది. దారంతో కట్టుకుని పది పేజీలు రాశాను. కారణం సీను తప్ప మిగతాదంతా అయిపోయింది.

ఫిబ్రవరి 20, గురువారం

దారం ఊడిపోతోంది. సందు చివర ఒక కళ్ళజోళ్ళ షాపుంది, పెద్ద బజార్లో రెండున్నాయి. మా ఆవిడ పనిచేసే షాపు దూరం. కానీ నా ఫ్రేము వాళ్ళ దగ్గర కొన్నదే. ఆ కంపెనీ సామాను వాళ్ళ దగ్గరే దొరుకుతుంది. కాబట్టి అక్కడికే వెళ్ళాలి.

ఫిబ్రవరి 21, శుక్రవారం

వెళ్ళాను. మధ్యాహ్నం కావడంతో షాపులో ఎవరూ లేరు. మా ఆవిడ కౌంటర్ వెనక కూర్చుని కొత్త అద్దాలు పొడిగుడ్డతో తుడుస్తోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కూర్చో అంది. ఎవరొచ్చినా అలాగే అంటుంది కాబోలు. కళ్ళజోడు అందుకుని, దారం చూసి, ఇదేం కట్టు అంది. జుట్టు కత్తిరించుకుంది. బాగుందని అందామనుకుని ఊరుకున్నాను.

తను చిన్న డబ్బాలోంచి మరలు ఏరుతుంటే నేను పని సంగతి ఎత్తాను. ఒక సినిమా రాస్తున్నాను, భార్య వెళ్ళిపోతుంది, కారణం ఒకటి కావాలి, తాగుడూ దెబ్బలూ ఏవీ కుదరడం లేదు, నువ్వైతే ఎందుకు వెళ్తావు అని అడిగాను. పని గురించే అడిగాను.

నవ్వింది. ఆ నవ్వు విని చాలాకాలమైంది.

"కళ్ళజోడు నా చేతిలో ఉన్నంతసేపూ చెప్తాను. నువ్వు రాసుకోలేవు కదా," అంది.

నిజమే. అద్దాలు లేకపోతే నాకు నా గీతలే కనపడవు. ఆమె మొహం కూడా మసగ్గా ఉంది. గొంతు మాత్రం వినపడుతోంది, మధ్యమధ్య మర తిప్పే చప్పుడు.

"అక్క మోకాలు బాగానే ఉంది. ముందది తెలుసుకో."

తెలుసన్నాను. నా నోటంట అలా వచ్చింది.

"మా అమ్మ పోయిన పదిహేనో రోజున బీరువా సర్దుతున్నాం. నేను ఆ మాటన్నాను. ఇంటికి చేరానని ఇక ఎవరికీ చెప్పక్కర్లేదని. నీకు చెప్పాలని కూడా అనలేదు. దానంతట అదే వచ్చింది. నువ్వు పక్కనే ఉన్నావు. నా భుజం మీద చెయ్యి వేశావు. గుర్తుందా?"

గుర్తుందన్నాను.

"రెండో చెయ్యి జేబులోకి వెళ్ళింది."

మర బిగుస్తున్న చప్పుడు.

"నేను చూశాను. సరేలే, అలవాటు అనుకున్నాను. ఏడు నెలలకి హాల్లో విన్నాను. నా పక్కన కూర్చున్నామె ఏడ్చింది, తర్వాత చప్పట్లు కొట్టింది. నాకు ఏడుపు రాలేదు. ఆ మాట అనుకున్నప్పుడల్లా మా అమ్మ గుర్తుకు రావాలి కదా. ఆ నటి గుర్తుకొస్తోంది. పోయినవారం ఇక్కడ ఒకాయనకి కళ్ళు చూస్తుంటే జేబులో ఫోన్ మోగింది. ఆ మాటే. మంచి డైలాగు కదా మేడమ్ అన్నాడు. మంచిదే అన్నాను."

అప్పుడే చెప్పొచ్చు కదా అన్నాను.

"చెప్తే అది కూడా మాటే కదా. ఎక్కడ పెట్టుకుంటావోనని భయమేసింది. అందుకే తగ్గించేశాను. మూడేళ్ళు ఇంట్లో నీళ్ళూ గ్యాసూ తప్ప ఏమీ మాట్లాడలేదు. నువ్వు అడుగుతావేమో అనుకున్నాను. నువ్వు సరుకు లేదని విసుక్కున్నావు."

సామాను తెప్పించాలని, ప్రస్తుతానికి బిగించానని, మార్చి ఆరున వస్తే పక్కాగా వేస్తానని చెప్పింది. కళ్ళజోడు నా చేతికిచ్చింది. పెట్టుకుని చూసేసరికి అటు తిరిగి డబ్బా సర్దుతోంది.

ఫిబ్రవరి 21, మళ్ళీ

బస్టాపులో నిలబడి షాపు కవరు మీద అంతా రాసుకున్నాను. మర్చిపోతానేమోనని.

ఇంటికొచ్చి కూర్చున్నాను. మన సినిమాలో మొగుణ్ణి పత్రికలో కాలమ్ రాసే మనిషిని చేశాను. భార్య తల్లి పోతుంది. బీరువా. భుజం మీద ఒక చెయ్యి. రెండో చెయ్యి జేబులోకి. తాగుడు లేదు, దెబ్బ లేదు, హీరో మీద మచ్చ పడదు, హాల్లో ప్రతివాడికీ అర్థమవుతుంది. నలభై నిమిషాలు, నాలుగు పేజీలు, ఒక్క కొట్టివేత లేదు. ఇరవయ్యేళ్ళలో ఇలాంటి సీను రాయలేదు.

నిచ్చెనకి ఫోన్ చేసి దొరికింది అన్నాను. ఇంకేం చెప్పలేదు. అతను నిర్మాతగారికి చెప్పాడు. నిర్మాతగారు నాకు ఫోన్ చేసి నాకు తెలుసండీ మీ సంగతి అన్నారు.

ఆకలేసింది. రెండు గుడ్లు ఉడకబెట్టుకుని తిన్నాను.

ఫిబ్రవరి 22, శనివారం

ఏమీ లేదు. బట్టలుతికాను.

ఫిబ్రవరి 25, మంగళవారం

ఏ సీను రాసినా పైకి చదివి చూసుకోవడం నా అలవాటు. ఆమె వంటింట్లో ఏదో చేసుకుంటూ ఉండేది, నేను గుమ్మంలో నిలబడి చదివేవాణ్ణి. బాగుంటే చేతిలో పని ఒక్క క్షణం ఆగేది. నాకు అది చాలు. ఇవాళ కూడా గుమ్మంలోనే నిలబడి చదివాను. వంటింట్లో గ్యాసు పొయ్యి, కడగని రెండు గిన్నెలు.

బాగుంది. చాలా బాగుంది. భార్య చెప్పే చివరి ముక్కలో ఒక మాట ఎక్కువైందనిపించింది. దిద్దుదామని పెన్ను కోసం చెయ్యి జేబులోకి వెళ్ళింది.

చెయ్యి కాసేపు అక్కడే ఉంచాను. తర్వాత గిన్నెలు కడిగాను.

ఫిబ్రవరి 26, బుధవారం

ఇరవయ్యొకటో తారీఖు పేజీ మళ్ళీ చదివాను. ఆమె అన్నవన్నీ వరసగా ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. రాసుకోలేవు కదా అన్న మాట కూడా రాసుకున్నాను. కొట్టేద్దామని గీతలు పెట్టాను. గీతల కింద నుంచి చక్కగా కనపడుతోంది.

అమ్మాయి ఫోన్ చేసింది. పెద్దమ్మ మోకాలు బాగానే ఉందమ్మా అన్నాను. తెలుసు నాన్నా అంది.

మార్చి 1, శనివారం

ఎల్లుండి చదవాలి. సీను బ్యాగులో పెట్టాను. తీశాను. పెట్టాను.

దేశమంతా చూసే సినిమాలో ఎవరి ఇంటి మాటో ఎవరికి తెలుస్తుంది. కాలమ్ రాసేవాడు అని మార్చాను కదా. ఊరు మారింది, పేర్లు మారాయి. ఆమె చూడకపోవచ్చు కూడా. సినిమాలు మానేసి మూడేళ్ళైంది.

మార్చి 3, సోమవారం

పెద్ద బల్ల చుట్టూ తొమ్మిదిమంది. హీరో, హీరోయిన్, కెమెరామన్, నిర్మాతగారు, ఆయన భార్య, ఇంకా ఎవరో. నిచ్చెన నా ఎదురుగా. చదవడం మొదలుపెట్టాను. మధ్యలో రెండుసార్లు నవ్వారు, ఒకసారి నిర్మాతగారి భార్య ముక్కు తుడుచుకుంది. డెబ్భయ్యొకటో పేజీ వచ్చింది. అక్కడ నాలుగు పేజీలు కలపాలి. అవి బ్యాగులో, నా కాళ్ళ దగ్గరున్నాయి.

ఆమె ఫ్రిజ్ తుడుస్తుంది అని చదివాను. మొక్కకి నీళ్ళు పోస్తుంది. తాళంచెవి బల్ల మీద పెడుతుంది. వెళ్తుంది. అయిపోయింది అన్నాను.

నిర్మాతగారు కాగితాలు తిరగేసి చూసుకున్నారు.

"కారణమేదండీ?"

"ఆయనకి తెలుసు."

"ఎవరికి?"

"మొగుడికి."

"మరి చూసేవాడికో?"

తెలియదన్నాను. దొరికిందన్నారు కదా అన్నారు. దొరికింది, కానీ నాది కాదు అన్నాను. ఎవరిదైతే ఏమిటండీ, అడిగి పుచ్చుకుందాం, వాళ్ళ పేరు కూడా వేద్దాం అన్నారు. ఆయన మంచివారు. అన్నంత పనీ చేస్తారు. అడిగే పని కాదన్నాను. మీరిలా మొండికేయడం నేను ఎప్పుడూ చూడలేదు, ఏమనుకోకండి, మిగతాది ఇంకొకరి చేత రాయించుకుంటాను అన్నారు. తప్పకుండా అన్నాను. నిజంగానే ఏమీ అనుకోలేదు. అక్కడ ఉన్నది నేను కాదు అన్నట్టుగా ఉంది.

లిఫ్టు దాకా నిచ్చెన వచ్చాడు. నిజంగా రాశారా సార్ అన్నాడు. రాశాను అన్నాను. ఎక్కడుంది అన్నాడు. బ్యాగులో అన్నాను. లిఫ్టు వచ్చేదాకా ఇద్దరం ఆ బ్యాగు వైపే చూస్తూ నిలబడ్డాం.

మార్చి 5, బుధవారం

వేరే రచయిత దొరికాడట. మొగుడు తాగుతాడట. డాక్టరు చెప్పాడని మందులా తాగుతాడు కాబట్టి హీరో ఒప్పుకున్నాడట.

మార్చి 6, గురువారం

షాపుకి వెళ్ళాను. సామాను వచ్చింది. కొత్త కాలు వేసి, రెండు చేతులతో కళ్ళజోడు తనే నా మొహానికి పెట్టి, పక్కల నుంచి సరిచూసింది. బిగుతుగా ఉందా అంది. లేదన్నాను. కింద అంచు కొంచెం వంచి మళ్ళీ పెట్టింది. ఈసారి ఆమె మొహం స్పష్టంగా కనపడింది. అలిసిపోయి ఉంది. నాకు దుఃఖం వచ్చింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి. అద్దాలు మసకబారాయి, తీసి తుడిచి ఇచ్చింది.

నాలుగు పేజీలూ, బస్టాపులో రాసిన కవరూ ఆమె ముందు పెట్టాను. ఇంకెక్కడా లేదు, ఎవరికీ చదవలేదు అన్నాను. ఈ డైరీ సంగతి కూడా చెప్పాను. సగమే చెబితే మళ్ళీ దొంగతనమే అనిపించింది. ఆమె వాటిని చదవలేదు. మడిచి, మరల డబ్బా ఉండే సొరుగులో పెట్టి తాళం వేసింది. సినిమా ఏమైంది అంది. పోయింది అన్నాను. ఊఁ అంది.

ఇంటికి ఎప్పుడొస్తావు అని అడగాలి. అడగలేదు. రమ్మనే హక్కు ఉందని నాకు అనిపించలేదు. వెళ్ళొస్తానన్నాను.

రెండు బస్సులు మారి ఇంటికొచ్చాను. తాళం తీసి, చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చుని ఆమెకి ఫోన్ చేశాను. ఇంటికి చేరాను అని చెప్పాను. అంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. షాపు తలుపు గంట ఒకసారి మోగింది. పెట్టేసిందేమో అనుకున్నాను. పెట్టెయ్యలేదు. తర్వాత ఒక మాట అంది.

అది ఇక్కడ రాయను.